మఱచినవారిని మఱవకుండుట



ముసలితనము వచ్చినచో మతిమఱపు వచ్చునని మనమందఱ మనుకొందుము. కండ్లజోడు నొసటిపై నుంచుకొని ఇల్లంతయు వెదకుదుము. మనుమని పిలువబోయి వాని తండ్రి పేరు పిలుతుము. సంతకు పోయి, కొనదలచిన వస్తువు తప్ప తక్కినవన్నియు కొని తెత్తుము. ఇవి నవ్వుకొనదగిన సంగతులు. వీనివలన ఎవరి కాపురమును చెడదు. నేను నేడు మాటలాడబోవునది ఈ మతిమఱపును గూర్చి కాదు. తాళపుచెవి ఎక్కడ పెట్టితిమో మఱచుట వేఱు. తాళపుచెవిని చేతబట్టుకొని, ఇది దేనికని యడుగుట వేఱు. రెండవది వ్యాధి. ఆ వ్యాధి తొమ్మిదేండ్లుగా మా యింట కాపురమున్నది. దానితో కూడి బ్రదుకుటెట్లో, ఆ బ్రదుకులో సంతోష మెచ్చట దొరకునో, నాకు తెలిసినంత వఱకు మీకు విన్నవించుకొందును.

నేను శంషాబాదు ప్రాంతపువాడను. ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో పంతులుగా నుండి విశ్రాంతి తీసికొంటిని. నాకిప్పుడు 78 ఏండ్లు. నా భార్యకు 73. మా వివాహము 1969లో జరిగినది. బడి పిల్లలు నన్ను సారు అని పిలుచుచుండగా విని, ఆమెయు నలుగురిలో నన్ను 'మా సారు' అనియే చెప్పుకొనెడిది. ఈ మాటను దయతో గుర్తుంచుకొనుడు. దీనితో నాకు పని యున్నది.

మా యూరు నేడు లోకమునకు విమానాశ్రయముగానే తెలియును. 2008 మార్చి నెలలో ఇచ్చట విమానములు దిగ నారంభించినవి. అంతకు పూర్వమా నేలలో జొన్నయు, కందియు, ఆముదమును పండెడివి, నడుమనడుమ బండరాళ్లుండెడివి. అయిదు వేల యెకరములకు పైగా భూమి ఆ ప్రహరీగోడ లోపలికి పోయినది. మా రెండెకరముల చెలకయు అందులోనిదే. దానికి రావలసిన సొమ్ము ముట్టినది. నాకు ఫిర్యాదు లేదు. ఆ చెలక గట్టుపై నొక వేపచెట్టుండెడిది. సెలవుదినములలో నేను కూలివారితో కూడి అచ్చట పని చేయుచుండగా, నా భార్య సద్దిగంప నెత్తిన పెట్టుకొని వచ్చి, ఆ చెట్టునీడను కూర్చుండి మాకందఱకును పెట్టెడిది. ఇప్పుడా చెట్టును లేదు, గట్టును లేదు.

వ్యాధి మొదటిసారి కనుపడినది 2016 వేసవిలో. ఏటేటా మామిడికాయ తొక్కు పెట్టుట మా యింట నొక పండుగ. ఇరుగుపొరుగువారు కొలతలకై ఆమెనే యడుగవచ్చెడివారు. ఆ యేడు ముక్కలు కొట్టి, ఉప్పు, కారము, ఆవపిండి, నూనె చుట్టును పెట్టుకొని, ఏది ముందు వేయవలెనో తెలియక ఆమె గడియసేపు అట్లే కూర్చుండెను. నేను వచ్చి ఏమని యడుగగా, "యాది వస్తలేదు" అని నవ్వినది. నేనును నవ్వితిని. ఆ నవ్వు నాకిప్పటికిని ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది.

తరువాత అనుమానములు మొదలైనవి. పుస్తెలతాడు తానే బియ్యపుడబ్బాలో దాచి, నేను దొంగిలితినని కోడండ్ర యెదుట చెప్పెను. పిమ్మట దారులు తప్పెను. ఒకనాడు తెల్లవారుజామున తలుపు తీసికొని వెడలిపోయినది. ఊరంతయు వెదకితిమి. కడకొక ఆటో నడుపు కుఱ్ఱవాడు, విమానాశ్రయపు గోడప్రక్క రోడ్డుపై ఆమెను చూచి, ఇల్లు కనుగొని తెచ్చి దింపెను. ఎక్కడికి పోయితివని యడిగితిని. "చెలకకు. పొద్దెక్కుతున్నది, సద్ది పట్టుకపోవద్దా?" అనెను. ఆమె వెదకిన దారి ఆమె మనసులో నున్నది, భూమిమీద లేదు. ఆ చెలకపై విమానములు పరుగెత్తుచున్నవని చెప్పితిని. నన్ను వెఱ్ఱివానిని చూచినట్లు చూచినది.

మేమును అందఱివలెనే మొదట దిష్టి యనుకొంటిమి, తాయెత్తు కట్టించితిమి. ఒక సంవత్సరము వ్యర్థముగా పోయినది. మీలో నెవరి యింటనైనను ఇట్టి సూచనలున్నచో, ముందుగా వైద్యుని యొద్దకు పొండని నా ప్రార్థన. ఏలయనగా మఱపన్నియు ఒక్కటి కావు. థైరాయిడు గ్రంథి మందగించుట, విటమిన్ బి12 కొఱతపడుట, మనోవ్యాకులత, క్రిందపడినప్పుడు తలలో నెత్తురు గడ్డకట్టుట, కొన్ని మందులు పడకపోవుట, ఇట్టి కారణములచేత గూడ మతి తప్పవచ్చును. వానిని కనుగొనినచో చికిత్స కలదు. మా విషయమున నగరములోని వైద్యులు రక్తమును పరీక్షించి, మెదడునకు ఛాయాచిత్రములు తీసి, ఇది అల్జీమర్స్ వ్యాధి యని నిర్ణయించిరి. దీనిని పోగొట్టు మందు నేటికిని లేదు. కొందఱికి కొంతకాలము ఉపశమన మిచ్చు మాత్రలు మాత్రము కలవు.

ఈ పేరునకొక కథ కలదు. 1901లో జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్టు పట్టణములో, రైల్వే కచ్చేరిలో పని చేయు నొక గుమాస్తా తన భార్యను పిచ్చివారి యాసుపత్రికి తోడ్కొనివచ్చెను. ఆమె పేరు ఆగస్టె. వయస్సు 51 ఏండ్లు. మఱపు, అనుమానము, కలవరము ఆమె లక్షణములు. అల్జీమర్ అను వైద్యుడు ఆమెను పరీక్షించి, 1906లో ఆమె చనిపోయిన పిమ్మట మెదడును సూక్ష్మదర్శినితో చూచి, అందు తాను కనుగొనిన మార్పులను ఆ సంవత్సరమే వైద్యుల సభలో వివరించెను. ఆ వ్యాధికాయన పేరు స్థిరపడినది. వైద్యుని పేరు లోకమునకు తెలియును; భార్య చేయి పట్టుకొని ఆ మెట్లెక్కిన గుమాస్తాను తలచువారు లేరు. నేను మాత్రము అతనిని తలచుచుందును. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమందికి, ఇట్టి మతిభ్రంశ వ్యాధులున్నవని 2023లో వెలువడిన యొక పరిశోధన తెల్పినది. అనగా ఆ గుమాస్తాలును, ఆ గుమాస్తాల భార్యలును మన ప్రతి యూరనున్నారు.

ఇప్పుడు నేను సిగ్గుపడవలసిన సంగతి చెప్పెదను. దానిని దాచి విశ్వాసమును గూర్చి మాటలాడుట ధర్మము కాదు.

కొన్ని యేండ్ల క్రిందట, వానాకాలపు రాత్రి. ఆమె నిదురపోదు, నన్ను పోనీయదు. నాలుగుమార్లు మూట గట్టి, తల్లిగారింటికి పోయెదనని తలుపు గొళ్లెము లాగుచుండెను. తల్లి చనిపోయి నలువదియేండ్లయినది. మూడుమార్లు ఓర్చుకొంటిని. నాలుగవమాఱు చేయిపట్టి యీడ్చితిని. గాజు చిట్లి మణికట్టు తెగినది. నేను గట్టిగా నఱచితిని. ఆమె తలుపుమూలకు ఒదిగి, "నేనేం జేసిన? నేనేం జేసిన?" అని యేడ్చినది. నలువదియెనిమిదేండ్ల కాపురములో నేనామెపై చేయి చేసికొనినవాడను కాను. గాయము కడిగి, గుడ్డ కట్టి, ఆమె పండుకొనిన పిమ్మట దేవుని పటము ముందు నిలిచి, 'స్వామీ, దీనిని తొందరగా తీసికొనిపొమ్ము' అని వేడుకొంటిని. అది దాని బాధను చూడలేక చేసిన ప్రార్థన యని అప్పుడనుకొంటిని. కాదు. అది నా నిద్రకొఱకు చేసిన ప్రార్థన.

తెల్లవాఱినది. ఆమె తన చేతిగుడ్డను చూచి, "ఇదేంది? దెబ్బెట్ల తాకింది?" అని నన్నే యడిగినది. రాత్రి జరిగినది ఆమె మనసున నొక్క చుక్కయు లేదు. నన్ను క్షమించెనని చెప్పుటకు వీలులేదు. ఆమెకు తెలియనే తెలియదు. ఆ తప్పును జ్ఞాపకముంచుకొనవలసినవాడను నేనొక్కడనే. ఐనను, నేను చాయ గ్లాసు ఇచ్చుటకు చేయి చాచగా, ఆమె ఉలికిపడి వెనుకకు జరిగినది. సంగతి మఱచినది, భయము మఱవలేదు.

ఈ మాట వైద్యునితో చెప్పితిని. ఆయన ఆశ్చర్యపడలేదు. అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయమువారు 2014లో ప్రకటించిన పరిశోధన నాకు చెప్పెను. ఈ వ్యాధిగలవారికి కొన్ని దుఃఖపు చలనచిత్రములను, కొన్ని సంతోషపు చిత్రములను చూపిరట. కొన్ని నిమిషములలో వారు చూచినదానిని మఱచిపోయిరి. కాని దుఃఖమును, సంతోషమును వారి ముఖములపై, మనసులలో చాలసేపు నిలిచియున్నవి. కారణము పోయినది, అనుభూతి మిగిలినది. ఇంటికి వచ్చుచు దారిపొడుగున ఆలోచించితిని. భయము నిలిచినప్పుడు ప్రీతియు నిలువవలెను గదా! ఆమె మతిలో నేనేమియు వ్రాయలేను. అది నీటిపై వ్రాత. కాని ఆమె మనసునకు గంటకొకమాఱు చల్లదన మియ్యగలను. ఆనాటినుండి నేను ఆమె జ్ఞాపకమును సరిదిద్దుట మానితిని. పంతులకు ఇది చిన్న త్యాగము కాదు. తప్పు వినబడినచో దిద్దక యుండలేని జాతి మాది.

ఒక సాయంకాలము సంగతి. ఆమె అరుగుపై కూర్చుండి దారి చూచుచున్నది. నేను ప్రక్కకు పోగా, కొంగు సవరించుకొని, పరాయివానితో మాటలాడినట్లు, "మా సారు ఇంక రాలే. బడి ఇడిసిపెట్టి ఎంతసేపాయె. బువ్వ సల్లగైతున్నది" అనినది. అంతకుముందైతే, నేనే నీ సారును, చూడుము, అని వాదించెడివాడను, ఆమె యేడ్చెడిది. ఆ దినమున, "వస్తరమ్మా. పనిమీద ఉన్నరు. అందాక నీకు తోడుండుమని నన్ను పంపినరు" అంటిని. ఆమె ముఖము విప్పారినది. "అట్లనా? మంచిగైంది. కూసో. నువ్వు తిన్నవా?" అని యడిగినది.

పెద్దలారా, అప్పుడు నాకొకటి తెలిసినది. నన్ను మఱచిపోయినదని నేనేండ్లతరబడి కుందుచుంటిని. ఆమె నన్ను మఱవలేదు. నా ముఖమును మఱచినది. నాకై యెదురుచూచుటను మఱవలేదు. అన్నము చల్లారుచున్నదన్న తహతహ యింకను నాకొఱకే. నా బ్రదుకులో నేనంత సంతోషము పొందిన సాయంకాలములు చాలలేవు. అబద్ధమాడితివి గదా యని మీరందురేమో. నేనును విచారించుకొంటిని. 1969లో అగ్నిసాక్షిగా ఆమె చేయి పట్టినవాడు, నీవు దీనికి తోడుండుమని నన్ను పంపినమాట నిజము గాదా? నేనాడినది అబద్ధమని నాకు తోపలేదు.

ఐనను నాకొక భయము మిగిలియుండెను. అది మీ వయసువారికి తెలియును. అంత్యకాలమున నెవడు దేనిని తలచునో వాడు దానినే పొందునని భగవద్గీత యెనిమిదవ యధ్యాయము చెప్పుచున్నది. అందులకే పోవువారి చెవిలో నారాయణ నామము చెప్పుదుము, తులసితీర్థము పోయుదుము. నా భార్య యేబదియేండ్లు ప్రతి శనివారము ఒక్కప్రొద్దు ఉండినది. ఇప్పుడు రాముడెవ్వరన్నచో తెలియదు. తనకు తానే తెలియని వేళ దేవుని తలచుటెట్లు? ఇన్నియేండ్ల భక్తియు చెఱువుగండి నీరువలె పోవలసినదేనా? రాత్రులు నన్ను కలచినది ఈ ప్రశ్న.

మాకు సమీపమున ముచ్చింతల గ్రామమున భగవద్రామానుజుల విగ్రహము, 216 అడుగుల యెత్తుగలది, 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరింపబడినది. నా మేనల్లుడు మమ్ము తన కారులో అచ్చటికి తీసికొనిపోయెను. మెట్లయొద్ద నీడను కూర్చుండియుంటిమి. ప్రక్కనున్న యొక వృద్ధ వైష్ణవుడు నా భార్య మాటలు విని, సంగతి గ్రహించి, నన్ను పలుకరించెను. నా భయము నాయనకు చెప్పుకొంటిని. ఆయన యిట్లనెను: మా సంప్రదాయమున చరమశ్లోకములని మూడున్నవి. రాముడు చెప్పినది యొకటి, కృష్ణుడు చెప్పినది యొకటి, వరాహస్వామి చెప్పినది యొకటి. మూడవదాని తాత్పర్యము వినుము. భూదేవి తన బిడ్డలకొఱకు నీ ప్రశ్ననే యడిగినదట. అందులకు స్వామి, ఒడలు బాగుండి మనసు కుదురుగా నున్న కాలమున నన్ను తలచినవాడు, కడపట కట్టెవలె రాయివలె పడియున్నప్పుడు నన్ను తలవలేకపోయినను, వానిని నేను తలచుకొందును, నేనే తోడ్కొనిపోదును, అని మాట యిచ్చెనట.

మఱియు నాయన, కోతిపిల్ల తల్లిపొట్టను తానే గట్టిగా పట్టుకొనవలెను. పిల్లికూన యేమియు పట్టుకొననక్కఱలేదు, తల్లియే నోట కఱచుకొని పోవును, నీ యిల్లాలిప్పుడు పిల్లికూన, అనెను. ఈ రెండు పోలికలును పుస్తకములలో నేను చదివినవే, పిల్లలకు చెప్పినవే. ఆ దినమున వాని యర్థము నా ప్రక్కన కూర్చుండి, చీరచెఱగును మడచుచు విప్పుచునుండెను.

నేను దానిని విని మేలుకొన్నవానివలె నైతిని. జ్ఞాపకము ఇద్దఱి సొత్తు. ఒకరి చేతినుండి జాఱినచో రెండవవారు పట్టుకొనవచ్చును. ఆమె దేవుని మఱచినది, దేవుడు మఱవలేదు. ఆమె మా పెండ్లిని మఱచినది, నేను మఱవలేదు. స్వామి ఆమెకొఱకు చేయుచున్న పనిలో నాకొక చిన్న పాలు దొరకినది. అది బరువని యనుకొన్నంతకాలము నా నడుము వంగినది. సేవలో వంతు అనుకొన్న నాటినుండి, పని యదే, నడుము అదే, మనసు మాత్రము తేలికపడినది.

ఈ మాట మన మతమువారికే పరిమితము గాదు. అమెరికాలో రాబర్ట్‌సన్ మెక్‌విల్కిన్ అను క్రైస్తవాచార్యుడు ఒక పెద్ద కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. భార్య మ్యూరియల్‌కు ఈ వ్యాధి వచ్చినది. ఆయన 1990లో పదవిని వదలి, 2003లో ఆమె మరణించు వఱకు, స్నానము చేయించుట, తినిపించుట మొదలగు పనులన్నియు తానే చేసెను. ఇది త్యాగమని లోకము పొగడగా, ఆమె నాకు నాలుగు దశాబ్దములు చేసినది, నేనిప్పుడు తీర్చుచున్నది ఆ ఋణమే, అను భావమున ఆయన సమాధానము చెప్పెను. మా పొరుగున నొక ముసల్మాను మిత్రుడున్నాడు. జహంగీరు పీరు దర్గాకు పోయివచ్చినప్పుడెల్ల నా భార్యకు కొంచెము ప్రసాదపు మిఠాయి తెచ్చును. ఆయన నాకు నేర్పిన మాట సబురు. పండ్లు బిగబట్టి ఓర్చుట సబురు కాదట. ఇచ్చినవానిపై నమ్మకముతో నిలుచుట సబురట.

ఐతే, విశ్వాసమున్నవానికి దుఃఖము లేదని నేను చెప్పుట లేదు. కొడుకు అమెరికానుండి వచ్చి, మా గుమ్మమునకు అయిదు మైళ్లలో విమానము దిగి, తల్లి పాదములకు మ్రొక్కగా, "ఎవ్వరి పిలగాడు? మంచిగున్నడు" అనినది. వాడు పెరటిలోనికి పోయి యేడ్చినాడు. జ్ఞాపకముంచుకొనువాడవే యైనచో, దీని జ్ఞాపకము నేల తీసికొంటివని నేనును స్వామి నడిగితిని. సమాధానము రాలేదు. మనకు దాపుననే గోలకొండ చెఱసాలలో రామదాసు స్వామిని తిట్టలేదా, చేసిన నగలకు లెక్క చెప్పుమని నిష్ఠురము లాడలేదా? ఆయన భక్తుడు కాకపోయెనా? నిష్ఠురమాడుటకును ఎదుట నొకడుండవలెను. ఆ యొకడున్నాడను నమ్మకమే నాకు చాలినది.

ఇక అనుభవమువలన నేర్చిన కొన్ని మాటలు చెప్పి ముగింతును. రోగితో వాదింపకుడు. ఒకే ప్రశ్న పదిమార్లడిగినచో, పదియవమాఱును మొదటిసారివలెనే చెప్పుడు; ఆమెకది మొదటిసారియే. దినచర్య మార్పకుడు. తలుపునకు చిఱుగంట కట్టుడు. పేరు, ఊరు, టెలిఫోను సంఖ్య వ్రాసిన బిళ్ల మెడలోనో చేతికో ఉంచుడు. పాటలు పాడుడు, మాటలు పోయిన చాలకాలమునకు గాని పాటలు పోవు. చేతికి పని యిండు. నా భార్యకు లెక్కలు రావు, పేర్లు రావు. చాటలో బియ్యము పోసి యిచ్చినచో నేటికిని ఒక్క రాయి మిగులనీయదు.

అన్నిటికంటె ముఖ్యముగా, చూచుకొనువారు తమ్ము తాము చూచుకొనవలెను. ఆ వానరాత్రి నేను క్రూరుడనగుటకు సగము కారణము, నెలదినములుగా నిదురలేకపోవుట. సాయము అడుగుట సిగ్గనుకొంటిని. ఇప్పుడు మా ముసల్మాను మిత్రుని యిల్లాలు దినమున కొక గంట వచ్చి కూర్చుండును. ఆ గంట నేను చెఱువుగట్టుపై నడతును. మగవారు వంటయిల్లు తెలియదని, స్నానము చేయించుట తమ పని కాదని అనుకొనకుడు. నేను 70 ఏండ్లు దాటిన పిమ్మట పప్పు వండుట, జడ అల్లుట నేర్చితిని. వృద్ధుల సహాయమునకు ప్రభుత్వమువారి టెలిఫోను 14567 కలదు. మనోవ్యాకులతకు 14416 కలదు. రెంటికిని రుసుము లేదు. ఇట్టి వ్యాధులలో సుమారు సగమువఱకు ముందే తప్పించుటకో వాయిదా వేయుటకో వీలున్నదని వైద్యపండితులు 2024లో తెల్పిరి. రక్తపుపోటును, చక్కెరవ్యాధిని అదుపులో నుంచుకొనుడు; పొగ మానుడు; చెవుడు వచ్చినచో యంత్రము పెట్టుకొనుడు; ఒంటరిగా కూర్చుండక నలుగురిలో మెలగుడు.

నర్కుడ గ్రామమున అమ్మపల్లి సీతారామచంద్రస్వామి దేవాలయము మా ప్రాంతమువారికి తెలియనిది కాదు. పెండ్లియైన తొలియేడు శ్రీరామనవమికి ఎడ్లబండిపై ఆ గోపురము క్రిందుగా మేమిద్దఱము పోయితిమి. మొన్న పండుగకును పోయితిమి. ఇది యెవరి గుడి యని ఆమె యడిగినది. అర్చకుడు తీర్థము తెచ్చెను. నేను చెప్పకముందే, ఆమె కుడిచేయి తానే దొన్నెవలె ముడుచుకొని ముందుకు వచ్చినది. ఎడమచేయి దానిక్రింద చేరినది. త్రావి, తడిచేతిని తలకు రాచుకొనినది. మతి మఱచినదానిని చేయి మఱవలేదు. నేనచ్చట నిలిచి చూచుచుంటిని. స్వామినేమియు కోరవలెనని తోచలేదు.

నేడీ ప్రసంగమునకై బయలుదేరుచుండగా, ఆమె అరుగుపై కూర్చుండియున్నది. ఎక్కడికని యడిగినది. రేడియోలో మాటలాడుటకని చెప్పితిని. ఏమి మాటలాడుదువనగా, నిన్ను గూర్చియే యంటిని. ఆమె కొంచెమాలోచించి, "మా సారు గురించి గూడ చెప్పు. మంచోడు" అనినది.

ఆయనను గూర్చి నాకు తెలిసినంత వఱకు దాపఱికము లేక చెప్పితిని. మంచివాడగునో కాదో మీరే నిర్ణయింపుడు. ఆమె మాత్రమట్లు నమ్మియున్నది. ఆ నమ్మకమునకు తగినట్లుండుట నా మిగిలిన దినముల పని. అన్నము చల్లాఱకముందే నేనింటికి చేరవలెను.

సెలవు.